ఏ యూర నుండవలెను?



క్రిందటి నెల మాగాయనుగూర్చి వ్రాసి, ఈ నెల అప్పడములనుగూర్చి వ్రాసెదనని మాట యిచ్చితిని. ఆ మాట తప్పుచున్నాను, మన్నింపుడు. అప్పడములకు ఎండ మరల వచ్చును. మా యింట మొన్న జరిగిన చర్చ మాత్రము ఆరబెట్టి దాచుకొనునది కాదు. మీలో పలువుర యిండ్లలో నిట్టి చర్చ ఇప్పటికే జరిగియుండును, లేదా రేపో మాపో జరుగనున్నది.

మా అక్కయ్యయు బావగారును కూతును వెంటబెట్టుకొని పెనుగొలను వచ్చిరి. పిల్లకు ఇరువదిమూడేండ్లు. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయములో చిత్రలేఖనము చదివి పట్టము పుచ్చుకొన్నది. పిల్లల కథల పుస్తకములకు బొమ్మలు వేయుట దాని పని. ఇప్పటికి నాలుగు పుస్తకములకు వేసినది. కొద్దియో గొప్పయో రూకలు చేతికి వచ్చినవి. ఇక నేదైన నొక నగరమున గది తీసికొని, ఒంటరిగా నుండి, ఆ పనియే వృత్తిగా చేసికొందునని దాని పట్టుదల. పెండ్లిమాట రెండేండ్లవరకు ఎత్తవలదన్నది. అక్కయ్య నన్ను వంటయింటిలోనికి పిలిచి, "నీ మాటయైన వినునేమో, వలదని చెప్పవే!" అని కొంగుతో కన్నులొత్తుకొనెను.

బావగారు కంట తడి పెట్టువారు కారు. మామిడితోటల రైతు, లెక్కగా మాటాడుదురు. "బొమ్మ ఇక్కడ గీసినను ఫోనులో క్షణమున చేరును గదా! దానికై నగరమున అద్దె కట్టుట యెందుకు?" అనిరి. మా వారు బడిపంతులు. ఉదాహరణము దొరకినచో విడువరు. "నిజమే! వడ్డాది పాపయ్యగారు కశింకోటలో నివసించుచునే చందమామకు బొమ్మలు వేసిరి. చందమామ 1947 జూలైలో చెన్నపట్టణమున వెలసిన పత్రిక. పాపయ్యగారి కుంచె మాత్రము విశాఖమండలము విడువలేదు. సంజీవదేవుగారు తుమ్మపూడిలో కూర్చుండియే దేశదేశముల వారితో ఉత్తరములు నడపిరి" అని వారు చెప్పుచుండగా బావగారి ముఖము వికసించెను.

పిల్ల మెల్లగా, "బాబాయీ! పాపయ్యగారు బొమ్మ వేయుచుండగా, లేచి ఎసరు పెట్టి రమ్మని ఎవరైన పిలిచియుందురా?" అని అడిగెను.

మా వారు కండ్లజోడు తీసి తుడుచుకొనిరి. దానికి జవాబు పాఠ్యపుస్తకములలో లేదు.

తరువాత తెలిసిన సంగతి యిది. ఈ వేసవిలో బంధువుల పెండ్లి యొకటి వచ్చి, ఇల్లంతయు పదునొకండు దినములు చుట్టములతో నిండిపోయెనట. పిల్ల చేతిలోనున్న పుస్తకము గడువు దాటినది. తరువాతి పుస్తకమును ఆ ప్రచురణకర్తలు వేరొకరికి అప్పగించిరి. "నాకు బొమ్మ వేయుట రాదని కాదు పిన్నీ, వేళకు ఇయ్యలేనని పేరు వచ్చినది" అన్నది. అక్కయ్య ఆ మాట అప్పుడే మొదటిసారి వినుట. పెండ్లిలో పిల్ల ముభావముగా నున్నదని కోపించినది కూడ అక్కయ్యయే.

సరే, పోవలెను, కాని ఎక్కడికి? ఇక్కడ పిల్ల తెలివి చూచి నేను ఆశ్చర్యపోతిని. చిన్న పుస్తకములో నగరమునకొక పుట చొప్పున వ్రాసికొని తెచ్చినది. బెంగుళూరున 2004లో పుట్టిన ప్రథమ్ బుక్స్ వారు అనేక భారతీయ భాషలలో పిల్లల పుస్తకములు వేయుచున్నారు. చిత్రకళా పరిషత్తు వారు ప్రతి జనవరిలోను చిత్రసంతె యని వీధియంతయు బొమ్మలతో నింపుదురు. కాని అక్కడ పది నెలల అద్దె అడ్వాన్సుగా అడుగుట చిరకాలపు ఆచారము. చెన్నపట్టణమున తూలిక వారును తారా వారును గలరు. ఇరువురు ప్రచురణకర్తలును బొమ్మ విలువ యెరిగినవారు. ఒకప్పుడైనచో తెలుగు చిత్రకారునకు ఆ నగరము తప్ప దిక్కు లేదు. నరసాపురపు బాపుగారు అక్కడనే స్థిరపడి తెలుగువారందరి యిండ్లకు బొమ్మలు పంపిరి. తరువాత సినిమాలును పత్రికలును హైదరాబాదు చేరినవి. హైదరాబాదున మంచి పుస్తకము వారు గలరు. అడ్వాన్సు సాధారణముగా రెండు నెలలది. మన భాషయే మాటాడవచ్చును. విజయవాడ తెలుగు పుస్తకముల పుట్టినిల్లు. ఏటేట జనవరిలో పుస్తకముల పండుగ జరుగును. అయితే అక్కడ బొమ్మలు వేయువారి సాంగత్యము తనకు చాలదని వ్రాసికొన్నది.

అక్కయ్య మనస్సు విజయవాడమీద నున్నది. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రమున ఆడువారికి ఎక్స్‌ప్రెస్ బస్సులవరకు టిక్కెట్టు లేదు. తిరువూరులో బస్సెక్కినచో రెండు గంటలలో కూతును చూడవచ్చును. "వారమునకు రెండుసార్లు వచ్చి వండిపెట్టెదను" అన్నది. "అందుకే వలదమ్మా" అని పిల్ల నవ్వినది. అక్కయ్యయు నవ్వినది, కాని ఆలస్యముగా.

బెంగుళూరు పోవలెనని పిల్లకు లోలోపల కోరిక. ఆ పుట అక్షరములే మిగిలినవాటికంటె అందముగా నున్నవి.

అంతవరకు చర్చ సుఖముగానే నడచినది. అప్పుడు నేను, "రాత్రి ఆపద వచ్చినచో ఏమి చేసెదవే?" అని అడిగితిని. ఊరక నోటికి వచ్చిన ప్రశ్న. పిల్ల ముఖము మారిపోయెను. కొంతసేపటికి, నిరుడు జరిగిన సంగతి చెప్పినది. ఒక నగరమునకు మూడు వారముల చిత్రలేఖన శిక్షణకై పోయి, ఒక ఆడుపిల్లల వసతిగృహమున దిగినదట. రాత్రి తొమ్మిదింటికి గేటు మూయుదురు. ఒకనాడు పెద్ద చిత్రకారుని ప్రసంగము సాగి, తొమ్మిదిన్నరకు చేరినది. తాళము తీయలేదు. ఫోను చేసినచో ఎత్తలేదు. ఆ నగరమున పేరెత్తి పిలువదగినవారు ఒక్కరును లేరు. టీ దుకాణపు బల్లమీద దుకాణము మూయువరకు కూర్చుండి, తరువాత రైలుస్టేషనులో ఆడువారి గదిలో తెల్లవార్లు మేలుకొనియున్నదట. ఉదయము తల్లికి ఫోను చేసి, "టిఫిను తింటినమ్మా" అని చెప్పినది.

అక్కయ్య లేచి పెరటిలోనికి పోయినది. బావగారు క్రింద చాపను చూచుచుండిరి.

మా నాన్నగారు నాకు ఇంటనే భారతము చెప్పిరి. చదువునకు పరీక్షలు లేవు గనుక అది నాకు అక్కరకు వచ్చునట్లే నిలిచినది. విరాటపర్వము వానలకొరకు చదువుదురని మనమెరుగుదుము. ఆ సాయంకాలము నేను దానిని వేరొక పనికై తెరచితిని. ఎందుకనగా ఏ యూర నుండవలెనను చర్చతోనే గదా ఆ కథ మొదలగుట! ధర్మరాజు అజ్ఞాతవాసమునకు తగిన చోటు ఏదని అడుగును. అర్జునుడు పాంచాలము, చేది, శూరసేనము, అవంతి యని పేరుపేరున దేశములు చెప్పును. ధర్మరాజు మత్స్యదేశము నెన్నుకొనును. రాజు ధర్మాత్ముడు, దాత, తమయందు ప్రీతి గలవాడు. తరువాత ఎవరే పనిచేసి బ్రతికెదరని ఒక్కొక్కరి నడుగును. ఐశ్వర్యము విడిచి నగరమునకు పోవువారు మొట్టమొదట అడుగుకొనవలసిన దిదియే: చేతిలో ఏ విద్య యున్నది?

ద్రౌపది చేతిలో విద్య యున్నది. కొప్పులు ముడువగలదు, గంధము తీయగలదు, దండలు కూర్పగలదు. సుదేష్ణయింట చేరునప్పుడే ఎంగిలి ముట్టనని, కాళ్ళు కడుగనని షరతులు చెప్పినది. నేటి పిల్లలు అద్దెపత్రము చదువకయే సంతకము చేయుదురు. ఆమె అట్లు చేయలేదు. అయినను ఏమైనది? ఏరి కోరి ఎన్నుకొన్న మంచి రాజు నగరముననే, రాణి తమ్ముడే కీచకుడు. సభలో పరాభవము జరిగినప్పుడు ఆ ధర్మాత్ముడైన రాజు న్యాయము చెప్పజాలకపోయెను. ఆ రాత్రి ఆమెను కాపాడినది నగరము పేరు కాదు, రాజు కీర్తి కాదు. నడచిపోగల దూరములో వంటయిల్లు, అందులో నిద్రించుచున్న భీముడు. ఆమె పోయి లేపినది.

"ధర్మరాజు అడిగిన ప్రశ్నలన్నియు నీవు అడుగుకొంటివి. ద్రౌపది ప్రశ్న మిగిలినది. ఏ నగరమున నీకు నడిరాత్రి తట్టదగిన తలుపు గలదు?" అని పిల్ల నడిగితిని.

ఇక్కడ నా సంగతి యొక్కటి చెప్పి ముందుకు పోయెదను. పందొమ్మిదవ యేట విజయవాడ పోయి వీణ నేర్చుకొనవలెనని నాకును ఉండెను. "ఎవరి యింట నుండెదవమ్మా?" అని నాన్నగారు అడిగిరి. నాయొద్ద జవాబు లేదు. వారును వెదకలేదు. వీణ ఇప్పుడు మా అటకమీద, పాత దుప్పటిలో నున్నది. కాబట్టి ఆ ప్రశ్న నేను పిల్లను ఆపుటకై అడుగలేదు. అందరమును కూర్చుండి జవాబు వెదకుటకై అడిగితినని అక్కయ్యతో గట్టిగా చెప్పితిని.

వెదకినచో దొరకినది. బెంగుళూరున పిల్లతోడి చదువరి యొకతె గలదు, కాని ఆమెయే నలుగురితో కలిసి ఒక గదిలో నున్నది. నెలకొక చోటు మారుచున్నదట. చెన్నపట్టణమున ఎవరును లేరు. హైదరాబాదున, తార్నాకలో, మా వారియొద్ద ఇక్కడ చదువుకొన్న ఒక అమ్మాయి ఆసుపత్రిలో నర్సుగా పనిచేయుచు తల్లితో నుండును. ఇద్దరిలో ఒకరైన రాత్రివేళ ఇంట నుండి తీరుదురు. మా వారు అప్పుడే ఫోను చేసిరి. "మాస్టారూ, అడుగవలెనా!" అని ఆమె అన్నమాట బల్లమీది ఫోనులోనుండి అందరికిని వినవచ్చినది. ఆ యింటికి నాలుగు వీధులలోపల గది చూడవలెననియు, 2017లో వచ్చిన మెట్రో రైలు స్టేషనుకూడ దగ్గరనే యుండవలెననియు నిశ్చయించితిమి. గేటు మూయు వేళను కాగితముమీద వ్రాయించుకొనక అడ్వాన్సు ఇయ్యరాదంటిని. 112, 181 సంఖ్యలు ఫోనులోనే కాక పర్సులోను వ్రాసి పెట్టుకొమ్మంటిని. ఫోను పోయిననాడే గదా వాటి అవసరము!

అక్కయ్య ఇంకను ఒక మాట పట్టుకొని వ్రేలాడుచునే యుండెను. "పెండ్లి లేక, కళయని నగరము పట్టిపోయిన ఆడువారెవరైన బాగుపడిరా?" అన్నది. మదనపల్లెలో 1940లో పుట్టిన యామినీ కృష్ణమూర్తిగారి పేరు చెప్పితిని. కళాక్షేత్రమున నేర్చి, 1957లో చెన్నపట్టణమున రంగమెక్కి, తరువాత ఢిల్లీ నగరమును తనదిగా చేసికొని, పెండ్లాడకయే నాట్యము చేసి, పాఠశాల నడపి, పద్మవిభూషణమంది, 2024 ఆగస్టులో ఆ నగరముననే కన్నుమూసినది. తెలుగుదేశము ఆమెను పోగొట్టుకొన్నదా? కూచిపూడి పేరు ఢిల్లీవారి నోట పలికించినవారిలో ఆమె యొకతె. అందరును యామినులు కారని నాకును తెలియును. ఆ పేరు చెప్పినది అక్కయ్య నోరు మూయించుటకే యని ఇక్కడ ఒప్పుకొనుచున్నాను.

డబ్బుమాట బావగారితో తేల్చవలసి వచ్చినది. "మామిడికాయ కోసిననాడు మీరేమి చేయుదురు? నున్న మార్కెట్టుకు పంపవలెనా, హైదరాబాదు పంపవలెనా యని నలుగురికి ఫోను చేసి, ధర యెంత, లారీ బాడుగ యెంత, దారిలో ఎన్ని కాయలు నలుగునని లెక్క వేయరా? దగ్గరయని మాత్రమే నున్నకు పంపుదురా?" అని అడిగితిని. వారు నవ్వి, ఆరు నెలల అద్దెయు తిండి ఖర్చును పిల్ల పేరనే బ్యాంకులో వేసెదమనిరి. పిల్ల అది అప్పుగానే పుచ్చుకొందునన్నది. వడ్డీ విషయమున తండ్రీకూతుండ్రు వాదులాడుకొనుచుండగా మేము అన్నములకు లేచితిమి. ఆరు నెలల తరువాత లెక్క సరిపడనిచో తిరిగి వచ్చుట ఓటమి కాదనియు, వచ్చిననాడు ఎవరును ఎత్తిపొడువరాదనియు అక్కయ్యచేత నేను మాట తీసికొంటిని. ఆ మాట తీసికొనుట అన్నిటికంటె కష్టమైనది.

పదిదినముల క్రిందట పిల్లను మధిరలో రైలెక్కించితిమి. ఒక పెట్టెలో బట్టలు, మూడు పెట్టెలలో రంగులును కాగితములును. అక్కయ్య ఇచ్చిన ఊరగాయ జాడీని బట్టలపెట్టెలో పెట్టనిచ్చినది గాని రంగుల పెట్టెదరికి రానీయలేదు.

చేరిన మూడవనాటి రాత్రి పదిన్నరకు మా ఫోను మ్రోగెను. ఆ వేళప్పుడు పిల్ల పేరు కనబడగానే నా గుండె ఝల్లుమన్నది. "ఏమైనదే?" అంటిని.

"ఏమియు కాలేదు పిన్నీ. తట్టినచో తీయుదురో లేదో చూడవలెనని పోయి తలుపు తట్టితిని."

"తీసిరా?"

"తీసిరి. అక్క ఆసుపత్రినుండి అప్పుడే వచ్చినట్లున్నది. నిద్రపాడు చేసితినని కసురుకొని, పెరుగన్నము పెట్టినది. తినుచున్నాను."