చెత్తన్నారు... చక్రం తిప్పుతోంది!

నాగార్జునసాగర్ కుడిగట్టున విజయపురి సౌత్ వాసులకు గేట్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. డ్యామ్‌కు 26 క్రెస్ట్ గేట్లు. గేటు ఎంత గట్టిదైనా దాన్ని ఎప్పుడు ఎత్తాలో, ఎంత ఎత్తాలో చూసుకునేవాళ్లు ఉండాలి. వాళ్ల లెక్క తప్పితే దిగువ ఊళ్లకు ముప్పే. మన కణాల్లోనూ అంతే!

మనిషి డీఎన్‌ఏలో అక్షరాలు సుమారు 300 కోట్లు. ప్రొటీన్ల తయారీకి నేరుగా పనికొచ్చేవి అందులో రెండు శాతం లోపే. మిగతాదాంట్లో చాలాభాగాన్ని ఒకప్పుడు 'చెత్త' అని పక్కన పెట్టేశారు. కానీ అందులోంచీ బోలెడన్ని ఆర్‌ఎన్‌ఏలు పుడతాయి. అవి ప్రొటీన్లను తయారుచేయవు. అందుకే నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలు అన్నారు. ఏ జన్యువు ఎంత పనిచేయాలో చూసేవాటిలో ఇవీ ఉన్నాయి. వీటిలో బుల్లివైన మైక్రో ఆర్‌ఎన్‌ఏల జాడ 1993లో ఓ చిన్న పురుగులో దొరికింది. కనిపెట్టిన విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ దక్కింది.

జీర్ణాశయ క్యాన్సర్‌లో లెక్క తప్పేది ఇక్కడే. ఈ కణితుల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏ-21 తరచూ మోతాదు మించి ఉంటుంది. కణాలు విచ్చలవిడిగా పెరగకుండా కాపలాకాసే పీటెన్ అనే జన్యువు నోరు నొక్కేస్తుంది. కణాలను అదుపులో పెట్టే లెట్-7 రకానివేమో తగ్గిపోతుంటాయి. ఇక 2007లో గుర్తించిన 'హోటెయిర్' అనే పొడవాటి ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా ఉన్న కణితులు ఇతర భాగాలకు పాకే అవకాశం ఎక్కువ.

ఇలాంటి ఆర్‌ఎన్‌ఏలు కొన్ని రక్తంలోనూ తిరుగుతుంటాయి. వాటిని బట్టి క్యాన్సర్‌ను ముందే పసిగట్టాలని పరిశోధకుల ప్రయత్నం. అయినా నేటికీ నిర్ధారణకు ఎండోస్కోపీ చేసి, ముక్క తీసి పరీక్షించాల్సిందే.

ఈ క్యాన్సర్‌కు పెద్ద కారణం హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా. కణాల్లోని మైక్రో ఆర్‌ఎన్‌ఏల తీరును అదీ మార్చేస్తుంది. సోకిన అందరికీ క్యాన్సర్ రాదు. డాక్టర్ రాసిన యాంటీబయాటిక్స్‌ను మధ్యలో ఆపకుండా వాడితే చాలామందిలో పోతుంది. పొగాకు మానాలి, ఉప్పు తగ్గించాలి.

నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, బరువు తగ్గడం, మింగడం కష్టమవడం, విరేచనం నల్లగా రావడం... ఇవి కనిపిస్తే 'గ్యాసేలే' అని బిళ్లతో సరిపెట్టకూడదు. వరద ఊళ్లోకొచ్చాక కాదు, నీటిమట్టం పెరుగుతున్నప్పుడే మేలుకోవాలి మరి!