యాపిల్ రైలు చర్లపల్లికి రావాలి

హైదరాబాదు ఈసీఐఎల్ చౌరస్తాలో, కుషాయిగూడ రోడ్డు మీద యాపిల్ బండి లేని రోజు ఉండదు. శ్రావణమాసంలో దాని మీద సిమ్లా కాయలుంటాయి. దసరా, దీపావళికి కాశ్మీరు సరుకు దిగుతుంది. ఎండలు ముదిరే వేళకు పండు పండుకీ తెల్ల జాలీ, మీద చిన్న స్టిక్కరు వచ్చేస్తాయి. అప్పుడది న్యూజిలాండ్‌దో, చిలీదో, ఇటలీదో. ఆస్పత్రిలో ఉన్న చుట్టాన్ని చూడబోతూ కిలో తూయించుకునేవాళ్లకు ఈ తేడా పట్టదు, ధర మాత్రమే పడుతుంది. సీజన్‌లో వందకు అటూ ఇటూ పలికిన కిలో వేసవిలో రెండు వందలు దాటినప్పుడు బండివాణ్ణి తిట్టుకుంటారు. తిట్టవలసింది బండివాణ్ణి కాదు.

దేశంలో యాపిల్ పంట ఇప్పుడు ఏటా 25 లక్షల టన్నుల చుట్టుపక్కల ఉంది. నాలుగింట మూడు వంతులు జమ్మూకాశ్మీర్‌దే, మిగిలినదాంట్లో చాలావరకు హిమాచల్‌ది. ఈ శతాబ్దం మొదట్లో పంట 12 లక్షల టన్నుల ప్రాంతంలో ఉండేది. అంటే పాతికేళ్లలో రెట్టింపైంది. దిగుమతులు అంతకన్నా వేగంగా పరిగెత్తాయి. 1999లో పరిమాణ ఆంక్షలు ఎత్తేసిన కొత్తలో వేల టన్నుల్లో ఉన్నవి ఐదు లక్షల టన్నుల స్థాయికి చేరాయి. రెండూ కలిపి 140 కోట్ల మందికి పంచి చూడండి. తలకు ఏడాదికి రెండు కిలోలు, మహా అయితే పది కాయలు. అదీ దారిలో కుళ్లినవి తీసెయ్యకుండా. ప్రపంచ సగటు 11, 12 కిలోలు.

యాపిల్ లేకపోతే ఆరోగ్యమే లేదన్న భ్రమ మనకు అక్కర్లేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 100 గ్రాముల పండ్లు తినమంది, ఫలానా పండే తినమనలేదు. విటమిన్ సి విషయంలో మన జామకాయ ముందు యాపిల్ ఎందుకూ కొరగాదు. అయినా జనం యాపిల్ అడుగుతున్నారు, కొంటున్నారు. అడిగినదాన్ని ఎక్కడి నుంచి, ఏ లెక్కన తెచ్చిపెడుతున్నాం అన్నదే ప్రశ్న.

ఇంతవరకూ ఢిల్లీకి తోచిన జవాబు ప్రధానంగా సుంకమే. 2019 జూన్‌లో, మన ఉక్కు, అల్యూమినియంల మీద అమెరికా వేసిన సుంకాలకు బదులుగా, అమెరికా యాపిల్ మీద మామూలు 50 శాతానికి తోడు మరో 20 శాతం వడ్డించారు. 2018-19లో అక్కడి నుంచి 1,27,908 టన్నులు వచ్చింది. 2022-23 నాటికి అది 4,486 టన్నులకు పడిపోయింది. దానివల్ల కాశ్మీరులోని సోపోర్ రైతుకు ఒరిగిందేమీ లేదు. ఖాళీ అయిన చోటును తుర్కియే, ఇరాన్, ఇటలీ, చిలీ పంచుకున్నాయి. బండి మీద స్టిక్కరు మారింది, అంతే. 2023 సెప్టెంబరులో ఆ అదనపు 20 శాతమూ తీసేశారు. అదే ఏడాది మే నెలలో కిలో 50 రూపాయల లోపు ధరకు దిగే యాపిల్‌ను (భూటాన్‌ది మినహా) నిషేధించారు. ఆ నిర్ణయం సరైనదే. ఇంతలో 2025 డిసెంబరులో న్యూజిలాండ్‌తో ఒప్పందం కుదిరింది. కోటా మేరకు సుంకం 50 నుంచి 25 శాతానికి తగ్గించడానికి కేంద్రం ఒప్పుకుంది.

ఇక చాలు. సుంకం ఇంకా తగ్గించే మాట మరే ఒప్పందంలోనూ రాకూడదు. హెక్టారుకు 50 టన్నులు తీసే న్యూజిలాండ్ తోటతో, పది టన్నులు కూడా దాటని మన సగటు తోటను ఒకే తూకంలో పెట్టడం న్యాయం కాదు.

కాశ్మీరు రైతు కోసం కాప్రా గృహిణి ఎక్కువ ధర ఎందుకు పెట్టాలి అని అడగవచ్చు. సబబైన ప్రశ్నే. అయితే పరాయి సరుకును నమ్ముకున్న సరఫరా ఎంత నిలకడైనదో 2025 మే నెలలో చూశాం. ఆపరేషన్ సిందూర్ సమయంలో పాకిస్తాన్‌ను వెనకేసుకొచ్చిందని తుర్కియే యాపిల్‌ను చాలాచోట్ల వ్యాపారులే బహిష్కరించారు. రాత్రికి రాత్రి ఒక దేశం సరుకు మార్కెట్లో కనపడకుండా పోయింది. డాలరు పెరిగితే ధర పెరుగుతుంది, అక్కడ మంచు కురిస్తే ఇక్కడ బండి ఖాళీ.

అసలు లోటు తోటల్లో లేదు. కోత ఆగస్టు నుంచి నవంబరు దాకా సాగుతుంది. సరుకంతా ఒక్కసారి మీద పడి ధర కూలుతుంది. ఫిబ్రవరి దాటాక సన్నగిల్లుతుంది, ధర ఎగురుతుంది. దిగుమతిదారు కన్ను ఈ రెండో సగం మీదే. దీనికి మందు ఉంది. నియంత్రిత వాతావరణ గిడ్డంగిలో చలిని సున్నా డిగ్రీల దగ్గర, ప్రాణవాయువును రెండు మూడు శాతం దగ్గర నిలిపితే కాయ నిద్రపోయినట్టు ఉంటుంది. అక్టోబరులో పెట్టింది మే నెలలో తీసినా కరకరలాడుతుంది. పుల్వామా జిల్లా లాసిపొరాలో ఇలాంటి గిడ్డంగులు వరసగా లేచాయి. అవి పంటకు చాలవు. వేసవిలో చవక దిగుమతి దిగుతుందని తెలిస్తే కొత్తవి కట్టేవాడెవడు?

రెండో అడ్డంకి దారి. 2025 ఆగస్టు చివర వానలకు జమ్మూ-శ్రీనగర్ జాతీయ రహదారి తెగి, వేల లారీలు రోజుల తరబడి నిలిచిపోయాయి. పెట్టెల్లోనే కాయలు కుళ్లి నీరు కారాయి. అప్పుడు రైల్వే కదిలింది. సెప్టెంబరు 13 నుంచి బడ్గాం నుంచి ఢిల్లీ ఆదర్శ్‌నగర్‌కు రోజూ పార్సిల్ రైలు నడిపింది. అంతకు మూడు నెలల ముందే కాశ్మీరు లోయ రైలు మార్గం దేశంతో కలిసింది కాబట్టి అది సాధ్యమైంది.

ఆదర్శ్‌నగర్ పేరు మనకు కొత్త కాదు. 2020 సెప్టెంబరులో అనంతపురం నుంచి బత్తాయి, బొప్పాయి, అరటి, కర్బూజా నింపుకొని బయల్దేరిన కిసాన్ రైలు ఆగింది ఆ స్టేషన్లోనే, ఆజాద్‌పూర్ మండీ పక్కన. ఉత్తరానికి పోయే రైలుకు ప్రభుత్వం అప్పట్లో సగం కిరాయి భరించింది. దక్షిణానికి వచ్చే రైలుకు ఆ మాట ఎందుకు ఎత్తరు? కాశ్మీరు పెట్టె ఢిల్లీలో దిగి, మళ్లీ లారీ ఎక్కి, ఔటర్ రింగు రోడ్డు అవతల బాటసింగారం మార్కెట్లో దిగేసరికి ఎన్ని చేతులు, ఎన్ని కమీషన్లు! అవన్నీ చౌరస్తాలో కిలో ధర మీద కూర్చుంటాయి.

చర్లపల్లి మన గుమ్మంలోనే ఉంది. సుమారు 413 కోట్లతో కట్టిన కొత్త టెర్మినల్ 2025 జనవరి 6న మొదలైంది. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడల బరువు తగ్గించడానికే దాన్ని కట్టారు. అక్కడ శీతల గదితో ఒక పార్సిల్ షెడ్డు వేసి, కోతల నెలలన్నిటా బడ్గాం నుంచి నేరుగా రైలు నడపాలి. తిరుగు ప్రయాణంలో ఖాళీగా పోనక్కర్లేదు. నల్లగొండ బత్తాయిని ఢిల్లీకి తీసుకుపోవచ్చు.

ఆసిఫాబాద్ జిల్లా ధనోరాలో ఒక రైతు సీసీఎంబీ శాస్త్రవేత్తల సాయంతో యాపిల్ పండించాడు, మన దగ్గరే యాపిల్ పండుతుంది కదా అనేవాళ్లున్నారు. ఆయన పట్టుదల మెచ్చుకోదగ్గదే. అంతమాత్రాన హైదరాబాదు కడుపు నిండదు.

రాష్ట్ర ప్రభుత్వం చేయాల్సిన పని ఇంకొకటుంది. గడ్డిఅన్నారం మార్కెట్‌ను 2021లో ఖాళీ చేయించి బాటసింగారానికి పంపినప్పుడు అది తాత్కాలికమన్నారు. కోహెడలో దాదాపు 200 ఎకరాల్లో శాశ్వత మార్కెట్ కడతామన్నారు. 2020 మేలో ఒక్క గాలివానకు అక్కడ వేసిన రేకుల షెడ్లు కూలిన సంగతి హమాలీలు మర్చిపోలేదు. ఈసారి రేకులు కాదు, నియంత్రిత వాతావరణ గిడ్డంగులతో కట్టాలి.

వచ్చే కోతలకు ముందే చర్లపల్లి పార్సిల్ రైలు కోసం రాష్ట్ర ప్రభుత్వం రైల్వే బోర్డుకు లేఖ రాయాలి. మల్కాజిగిరి ఎంపీ ఈ మాట పార్లమెంటులో అడగాలి. అడగకపోతే కాప్రా ఓటర్లే ఆయన్ని అడగాలి.