పాఠశాలకు పనివారు

1937లో వార్ధాయందు జరిగిన విద్యామహాసభలో మహాత్మాగాంధి చేతిపని మూలముగ విద్య గఱపవలెనని బోధించెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆఱు మొదలు ఎనిమిదవ తరగతి వఱకుగల కాలములో బాలబాలికలు పదిదినములు పుస్తకముల సంచి విడిచి వడ్రంగి, కుమ్మరి, తోటమాలి మున్నగువారి కడ పని నేర్వవలెనని చెప్పుచున్నది. మంచిదే. కాని ఆఱవ తరగతి వఱకు ఆగనేల? సేద్యము చదువురానివారి పని యను తలంపు అంతకు ముందే లేతమనసులలో నాటుకొనుచున్నది.

కావున మన సంఘపు గుమాస్తా చిట్టా ఆవర్జాలతో ప్రాథమిక పాఠశాలకేగి, అప్పునకు వడ్డీ గట్టు విధమును పిల్లలచేతనే లెక్క వేయింపవలెను. విత్తనముల వర్తకుడు మొలక పరీక్షను, పాలకేంద్రమువారు వెన్నశాతము కొలుచుటను, ధాన్యపు వర్తకుడు కాటా తూకమును చూపవచ్చును. నెలకొకరు గంటసేపు వచ్చిన చాలును. ఉపాధ్యాయుడు దగ్గఱనుండవలెను, సరకు లమ్మజూచువారిని రానీయరాదు.

దీనిని పిల్లలచేత పని చేయించుకొనుటగా నెవరును భావింపకుందురు గాక. పదునాలుగేండ్లలోపు వారిని కూలికి బెట్టుట 2016 చట్టసవరణచే నిషిద్ధము. మేము కోరునది పని మర్మమును, గౌరవమును తెలుపుటయే.

సభ్యులారా! రాబోవు సర్వసభ్య సమావేశమున దీనిని చర్చించి, మీలో మొదట పాఠశాలకు బోవువారెవరో నిర్ణయింపుడు.