సెప్టెంబరు నాలుగో శనివారం గాలం పట్టుకుని లేనియర్ సరస్సు గట్టుకు రండి!

అట్లాంటా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు విజ్ఞప్తి



ఏటా సెప్టెంబరు నాలుగో శనివారం అమెరికాలో జాతీయ వేట, చేపల వేట దినోత్సవం. వేటగాళ్లు, గాలం వేసేవాళ్లు అడవికీ నీటికీ చేసిన మేలును గుర్తిస్తూ 1972 మే 2న అధ్యక్షుడు నిక్సన్ ఈ దినోత్సవ ప్రకటనపై సంతకం చేశారు. అదే ఏడాది భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. వేట అంటే నేరమనే మాట వింటూ పెరిగినవాళ్లం మనం. అక్కడ ఆ చట్టం కావలసిందే. ఇక్కడ కాపాడే దారి వేరు.

ఇక్కడా ఒకప్పుడు అదుపులేని వేటే సాగింది. ఆకాశాన్ని కమ్మేసిన ప్యాసింజర్ పావురాల్లో ఆఖరిది 1914లో సిన్సినాటి జూలో చనిపోయింది. ఆ కాలంలోనే వేటకు సీజన్లు, పరిమితులు, లైసెన్సులు పెట్టుకుంటూ వచ్చారు. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకులు, తూటాల పన్నును వన్యప్రాణులకు రాసిచ్చింది. 1950లో డింగెల్-జాన్సన్ చట్టం రాడ్లు, రీళ్లు, ఎరల పన్నును చేపలకు రాసిచ్చింది. 1900 నాటికి దేశమంతా కలిపి సుమారు 5 లక్షలే మిగిలాయనుకున్న తెల్లతోక జింకలు ఇప్పుడు దాదాపు 3 కోట్లని అంచనా.

ఇందులో మన వంతు ఏమిటి? ఆ పన్నుతో వచ్చే చేపల నిధిని రాష్ట్రాలకు పంచేటప్పుడు 60 శాతం లైసెన్సుదారుల సంఖ్యను బట్టే పంచుతారు. మీరు లైసెన్సు తీసుకుంటే జార్జియా లెక్కలో ఇంకొకరు చేరినట్టే. మీరు కట్టే రుసుమును వేరే ఖర్చులకు మళ్లిస్తే రాష్ట్రానికి ఆ నిధే ఆగిపోతుంది.

లేనియర్‌లో స్ట్రైపర్ చేప తనంతట సంతతి పెంచుకోలేదు. రాష్ట్ర హేచరీలు పిల్లల్ని పెంచి వదిలితేనే అది ఉంటుంది. కైకలూరు, భీమవరం వైపువాళ్లకు హేచరీ ఖర్చెంతో వేరే చెప్పక్కర్లేదు. ఒడ్డున కూర్చుని ఆ చేపను పట్టే మనమే ఆ ఖర్చులో పాలు పంచుకోవాలి.

అందుకే అడుగుతున్నాం:

• ఆ శనివారం జార్జియా వాసులకు చేపల లైసెన్సు అక్కర్లేదు. అమ్మానాన్నలు, అత్తమామలు, పిల్లలతో కలిసి రండి. గాలం కట్టడం రానివాళ్లకు మేం నేర్పుతాం.

• మర్నాటి నుంచి లైసెన్సు లేకుండా గాలం వేయకండి. 16 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ అది ఉండాలి.

• పరిమితికి మించి పట్టకండి. కొలతకు తక్కువైన చేపను వెంటనే నీళ్లలోకి వదిలేయండి.

• తెగిన దారం, ఎర డబ్బాలు గట్టున వదలకండి. ఆ దారంలో పక్షుల కాళ్లు చిక్కుకుంటాయి.

• పడవ ఎక్కితే పెద్దలైనా పిల్లలైనా లైఫ్ జాకెట్ వేసుకోండి.

ఈ నీళ్లు మన పిల్లలవి కూడా. వాటిని కాపాడేవాళ్ల లెక్కలో మన పేర్లు కూడా ఉండాలి.

గాలం వేద్దాం! లైసెన్సు తీసుకుందాం! లేనియర్‌ను కాపాడుకుందాం!

ఇట్లు,
గాలం పట్టే మీ తోటి తెలుగువాళ్లు

(చదివాక పారేయకండి, పక్కింటివాళ్లకు ఇవ్వండి.)