చింతపల్లి దీపం వెలుగుతూనే ఉండాలి

పూసపాటిరేగ మండలం చింతపల్లిలోని దీపస్తంభం వయసులో మన జిల్లా కంటే చాలా పెద్దది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. చింతపల్లి కొండమీద దీపస్తంభం కట్టింది 1847లో. అప్పటికి ఈ ప్రాంతంలో రైలు లేదు, కరెంటు లేదు. సిపాయిల తిరుగుబాటుకు ఇంకా పదేళ్ల వ్యవధి ఉంది. పరిపాలన ఈస్టిండియా కంపెనీది. పాత ఇంగ్లీషు గెజిటీర్లలో ఈ చోటు పేరు శాంతపిల్లి. ఓడలవాళ్ల వాడుకలోనూ అదే పేరు స్థిరపడింది.

జిల్లాకు ఉన్న సముద్రతీరం 28 కిలోమీటర్లు మాత్రమే. భోగాపురం, పూసపాటిరేగ మండలాలతో అది సరి. ఇంత చిన్న తీరంలో, అదీ ఒక పల్లెటూరి కొండమీద, కంపెనీ దొరలు దీపం ఎందుకు పెట్టించారు? మన ఊళ్లమీద ప్రేమతో కాదు. ఒడ్డుకు కొన్ని మైళ్ల దూరంలో సముద్రంలో రాళ్లున్నాయి. పగలైతే జాగ్రత్తపడవచ్చు. చీకటిలో వచ్చే ఓడకు అవి తెలియవు. భీమునిపట్నం రేవుకు వచ్చే ఓడలు ఆ రాళ్లకు తగలకుండా తప్పుకోవడానికే ఈ దీపం.

ఆనాడు భీమిలి గొప్ప రేవు. డచ్చివారు 17వ శతాబ్దంలోనే అక్కడ వ్యాపారానికి దిగారు. చుట్టుపక్కల పల్లెల్లో పండిన సరుకు ఎడ్లబండ్లమీద భీమిలి చేరి, అక్కడినుంచి ఓడ ఎక్కేది. మన రైతులు పండించే గోగునారకు విదేశీ వర్తకులు పెట్టిన పేరే భీమిలి జనుము. అంటే చింతపల్లి దీపం కాపాడింది దొరల ఓడలనే అయినా, ఆ ఓడల్లో ఉన్నది ఇక్కడి రైతు కష్టం. 1890 దశకంలో మద్రాసు, కలకత్తాల మధ్య రైలుమార్గం ఈ ప్రాంతం మీదుగా పడింది. 1933లో విశాఖపట్నం హార్బరు ప్రారంభమైంది. దాంతో వ్యాపారం అటు మళ్లింది. దక్షిణాన భీమిలి, ఉత్తరాన కళింగపట్నం రేవులు రెండూ క్రమంగా వెలవెలబోయాయి. రేవులు పోయినా రాళ్లు ఎక్కడికీ పోలేదు.

దీపస్తంభం అంటే ఎత్తయిన కట్టడంమీద పెద్ద లైటు అని మాత్రమే చాలామంది అనుకుంటారు. అందులో ఒక లెక్క ఉంది. భూమి గుండ్రంగా ఉండటం వల్ల సముద్రంమీద దూరపు వెలుగు నీటి అంచుకు దిగువన ఉండిపోతుంది. వెలుగు ఎంత ఎత్తున ఉంటే అంత దూరం కనబడుతుంది. సముద్రమట్టానికి 50 మీటర్ల ఎత్తున ఉన్న దీపం, నీళ్లకు దగ్గరగా కూర్చున్న మనిషికి సుమారు 25 కిలోమీటర్ల దూరంనుంచి కంటబడుతుంది. అందుకే కొండను వెతికి దానిమీద స్తంభం కట్టడం.

మొదట్లో దీపస్తంభాలలో వాడింది నూనె దీపాలే. మద్రాసు కోటలో 1796లో పెట్టిన దీపానికి కొబ్బరినూనె పోసేవారు. తరువాత కిరోసిన్ వచ్చింది, ఆపైన కరెంటు. ఫ్రాన్సు ఇంజనీరు ఫ్రెనెల్ 1820 ప్రాంతంలో ప్రత్యేకమైన అద్దాల అమరిక కనిపెట్టాడు. చుట్టూ చెదిరిపోయే వెలుగును అది ఒక పాయగా పోగుచేసి దూరానికి పంపుతుంది. ఒక్కొక్క దీపానికి మెరుపుల లెక్క వేరు. ఎన్ని సెకండ్లకు ఎన్నిసార్లు మెరిసిందో చూసి, ఇది ఫలానా ఊరి దీపం అని ఓడ నడిపేవాడు గుర్తుపడతాడు. పగలు స్తంభమే గుర్తు. స్తంభాలకు రంగురంగుల పట్టీలు వేసేది అందుకే గాని అలంకారానికి కాదు.

ఈ వెలుగు వెనుక మనుషుల చాకిరీ ఉంది. పాతకాలపు దీపస్తంభంలో రాత్రంతా ఒకరు మేలుకొని ఉండవలసిందే. వత్తి సరిచేయాలి, నూనె పోయాలి, అద్దాలకు పట్టిన మసి తుడవాలి. వానైనా గాలైనా ఆ పని ఆగరాదు. గెజిటీరులో దీపస్తంభం కట్టిన సంవత్సరం ఉంది. రాయి మోసిన కూలీల పేర్లు, నూనె డబ్బాలు కొండ ఎక్కించినవారి పేర్లు లేవు. వారెవరో చెప్పగల ముసలివాళ్లు మన పల్లెల్లో ఒకరిద్దరైనా మిగిలి ఉంటే, వారి మాటలు ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. రేపు అడగడానికి ఎవరూ ఉండరు.

ఇక అసలు ప్రశ్న. ఉపగ్రహాలు దారి చూపే ఈ రోజుల్లో దీపస్తంభం దేనికి? పెద్ద ఓడలు జి.పి.ఎస్. యంత్రాలతో నడుస్తున్నాయి. విదేశాల్లో చాలాచోట్ల పాత దీపాలను ఆర్పేశారు. మన దీపానికీ ఆ మాట రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఖర్చు తగ్గించాలనే అధికారికి ఇది సులభంగా తోచే ఆలోచన.

ఆ అధికారి ఒక్కసారి మన జాలరివైపు నుంచి ఆలోచించాలి. చిన్న పడవలో వేటకు వెళ్లేవాడికి చేతిలోని సెల్‌ఫోనే యంత్రం. అది నీళ్లలో పడితే, చార్జింగు అయిపోతే, దాని పని అంతటితో సరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటు పోయి, సెల్‌ఫోన్లు మూగబోయి మనం పడ్డ అవస్థ మరిచిపోయేది కాదు. యంత్రం మొరాయించిన రాత్రి జాలరి చూసేది ఒడ్డువైపే. తండ్రి తాతలనుంచి మన మత్స్యకారులు కొండలను, గుడి గోపురాలను, ఎత్తయిన కట్టడాలను గుర్తుపెట్టుకొని ఒడ్డు చేరుతున్నారు. ఒకప్పుడు ఓడల కోసం కట్టిన దీపం నేడు పడవవాడికి ఎక్కువ అవసరం. ఓడల కంపెనీకి మరో దారి ఉంది. ఇతనికి లేదు.

ఈ దీపం ఖర్చు పంచాయతీ నెత్తిన పడుతుందన్న భయమూ అక్కరలేదు. దీపస్తంభాల నిర్వహణ కేంద్ర ప్రభుత్వానిది. దానికోసం రేవులకు వచ్చే ఓడలనుంచి రుసుము వసూలు చేస్తారు. 1927 నాటి దీపస్తంభాల చట్టం స్థానంలో 2021లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. తన అధీనంలో ఉన్న దీపస్తంభాన్ని వారసత్వ దీపస్తంభంగా ప్రకటించే అధికారం ఈ చట్టం కేంద్రానికి ఇచ్చింది. అలా ప్రకటించినచోట దీపం తన పని తాను చేస్తూనే, చదువుకూ సంస్కృతికీ పర్యాటకానికీ కూడా ఉపయోగపడేలా తీర్చిదిద్దవచ్చు. పాతదాన్ని కాపాడటం, దీపాన్ని వెలిగించి ఉంచడం, రెండూ ఒకే చట్టం కింద సాధ్యమే. అడిగేవాళ్లు కావాలి, అంతే.

పర్యాటకం మాట వచ్చింది గనుక ఒక హెచ్చరిక కూడా అవసరం. 2024 ఫిబ్రవరిలో దేశంలోని 75 దీపస్తంభాలను పర్యాటక కేంద్రాలుగా ప్రధాని జాతికి అంకితం చేశారు. మంచిదే. జనం వస్తే కట్టడానికి గౌరవం వస్తుంది, ఊళ్లో నలుగురికి పని దొరుకుతుంది. భోగాపురం విమానాశ్రయంతో ఈ తీరానికి గిరాకీ కూడా పెరుగుతోంది. అయితే గిరాకీ పెరిగినచోట ముందుగా చోటు కోల్పోయేది పడవలు లాగే ఇసుక, వలలు ఆరవేసే జాగా. దీపస్తంభం అందం చూపించి జాలరిని ఒడ్డునుంచి తరిమితే, ఆ దీపం ఎవరికోసం వెలుగుతున్నట్టు? కొండ చుట్టూ తవ్వకాలు, స్తంభాన్ని కప్పివేసే కట్టడాలు రాకుండా ముందే హద్దు గీయాలి. టిక్కెట్టు పెడితే ఆ ఆదాయంలో పంచాయతీకి వాటా, ఉద్యోగం ఇస్తే అందులో స్థానికులకు మొదటి అవకాశం ఉండాలి.

మద్రాసును చూడండి. అక్కడి హైకోర్టు ఆవరణలో 1844లో కట్టిన రాతి స్తంభం ఉంది. 1894లో దీపాన్ని హైకోర్టు భవనం గోపురంపైకి, 1977లో మెరీనా ఒడ్డున కొత్త స్తంభానికి మార్చారు. అయినా పాత స్తంభాన్ని పడగొట్టలేదు. మహానగరంలో స్థలం ఎంత ఖరీదైనా దానికి చోటు దక్కింది. మన స్తంభం దాదాపు దాని ఈడుదే. పల్లెలో పుట్టినంత మాత్రాన దాని విలువ తగ్గదు.

కాబట్టి చేయవలసిన పని స్పష్టం. చింతపల్లితోపాటు తీరంలోని పంచాయతీలన్నీ గ్రామసభలు జరిపి తీర్మానాలు చేయాలి. ఈ దీపస్తంభాన్ని వారసత్వ దీపస్తంభంగా ప్రకటించాలని, దీపాన్ని ఎన్నడూ ఆపరాదని, పాత దీపం సామాన్లు, రికార్డులు ఏవైనా మిగిలి ఉంటే వాటిని అక్కడే ఒక గదిలో భద్రపరచాలని కోరాలి. ఆ తీర్మానాలు జిల్లా కలెక్టరుకు, విశాఖపట్నంలోని దీపస్తంభాల శాఖ కార్యాలయానికి, పార్లమెంటు సభ్యునికి చేరాలి. ఉపాధ్యాయులు ఏడాదికొకసారి పిల్లలను కొండ దగ్గరకు తీసుకువెళ్లి ఇది ఏమిటో, ఎందుకు కట్టారో చెప్పాలి. గోడలమీద పేర్లు చెక్కే కుర్రవాళ్లను పెద్దలు మందలించాలి.

ప్రభుత్వం తనంతట తాను చేస్తుందని ఎదురుచూస్తే కాలం గడిచిపోతుంది. రాత్రి వేటకు వెళ్లినవారి ఇళ్లలో ఈ దీపం విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ ఇళ్లవారే వచ్చే గ్రామసభలో ముందుగా లేచి మాట్లాడాలి. మిగిలిన ఊరు వారి వెనుక నిలబడాలి.