చేతులతో వినే విద్య

తాయ్ చీ అనగానే పార్కులో పెద్దవాళ్లు నెమ్మదిగా చేతులు తిప్పడమే మనకు తోస్తుంది. అది సగమే! రెండో సగం 'తుయ్ షౌ'. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, మణికట్టుకు మణికట్టు ఆనించి, ఎదుటివాడి బలాన్ని చర్మంతో పసిగట్టే సాధన. దీన్ని చైనావాళ్లు బలాన్ని 'వినడం' అంటారు. వాడు తోస్తే ఎదురు తోయకూడదు. అలాగని చెయ్యి వదిలెయ్యనూ కూడదు. ఆనుకోను ఏమీ దొరక్క వాడే తూలతాడు. న్యూటన్ చదివిన మనకు ఇందులో మాయ కనపడదు. మేడి పట్టినవాడికి అసలే కొత్తకాదు. కర్రు రాయికి తగిలితే కంటికంటే ముందు అరచేతికి తెలుస్తుంది. మేడి బిగించి పట్టావో, అదీ తెలియదు.

2020లో యునెస్కో తాయ్ చీని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. సంతోషమే. కానీ పోటీల్లో ఎదుటివాణ్ణి గిరి దాటించినందుకు పాయింట్లివ్వడం నాకు నచ్చదు. పాయింటు కోసం నిలబడ్డవాడు వినడు, బిగుసుకుంటాడు. అందుకే గదా బరువు తరగతులు పెట్టాల్సి వచ్చింది! 1960లలో న్యూయార్కులో నేర్పిన చెంగ్ మన్ చింగ్ ఓడిపోవడమే మదుపు అనేవాడట.

పోటీ లేకపోతే గురువు ముట్టుకోగానే శిష్యులు ఎగిరిపడే బూటకం పెరుగుతుందంటారు. ఒప్పుకుంటాను. పరీక్ష కావాలంటే ముక్కూమొహం తెలియని బరువైనవాణ్ణి ఎదురు నిలబెట్టండి. స్కోరు పలక మాత్రం తీసెయ్యండి.