మా ఇంటికి నక్షా ఏదీ?

మా ఊళ్లో ఏ కాలనీకి వెళ్లినా మా చేతులు కనిపిస్తాయి. పునాది తవ్విన చోట, సెంట్రింగ్ కట్టిన చోట, గిలాబా చేసిన చోట, గ్రిల్లు వెల్డింగ్ చేసిన చోట, టైల్సు పరిచిన చోట మావాళ్ల చెమట ఉంటుంది. మేం కట్టిన ఆ మేడలన్నిటికీ బల్దియా ముద్ర పడ్డ నక్షా ఉంది. మేం పడుకునే ఇంటికి లేదు. కాగితాల్లో మా ఇంటి పేరు 'అక్రమ కట్టడం'.

మతం గురించి, భాష గురించి, బుర్ఖా గురించి మాట్లాడుకునే పుస్తకంలో టౌన్ ప్లానింగ్ సెక్షన్ గొడవేమిటని అడిగేవాళ్లుంటారు. ఉంది గొడవ. మా మీద 'టెర్రరిస్టు' అన్న ముద్ర అప్పుడప్పుడు పడుతుంది. 'అక్రమం' అన్న ముద్ర రోజూ మా గోడ మీదే ఉంటుంది.

మా గల్లీలో ఒక ఖాలా ఉంది. భర్త పోయాక రేకుల గది తీసేసి స్లాబ్ వేసుకోవాలనుకుంది. స్థలం 60 గజాలు. వాళ్ల అబ్బా నలుగురి ముందు నోటిమాటగా ఆమెకిచ్చాడు. జుబానీ హిబా. మేం ఆమెను వెంటబెట్టుకుని బల్దియాకు వెళ్లాం. ఆ సెక్షన్‌కు ఒక గది, రెండు బీరువాలు, ఒక అధికారి. పక్క ఊరికి కూడా ఆయనే ఇన్‌చార్జి. మొదటిసారి సార్ ఫీల్డ్‌కు వెళ్లారు. రెండోసారి కోర్టు పనిలో ఉన్నారు. మూడోసారి దొరికారు, రిజిస్టర్డ్ దస్తావేజు లేనిదే ఫైలు తీసుకోనన్నారు. బయట చెట్టు కింద దలాల్ మాత్రం మూడుసార్లూ ఉన్నాడు. "కట్టేసుకో అమ్మా, తర్వాత చూసుకుందాం" అన్నాడు. ఆమె కట్టేసుకుంది. నాలుగు నెలలకు నోటీసు వచ్చింది. ఆమెకు చదవడం వచ్చిన ఉర్దూలో కాదు.

ఇందులో అక్రమం ఎక్కడ మొదలైంది? స్లాబ్ దగ్గరా, బల్దియా కిటికీ దగ్గరా?

ముస్లిం తన ఆస్తిని నోటిమాటతో ఇచ్చి స్వాధీనం చేస్తే ఆ దానం చెల్లుతుంది. ఆస్తి బదిలీ చట్టంలోని 129వ సెక్షన్ దాన్ని కాపాడుతోంది. ఆ హిబాను కాగితం మీద రాసుకున్నంత మాత్రాన రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అది విశాఖపట్నం కుటుంబం కేసే. ఢిల్లీ వరకూ వెళ్లిన ఆ తీర్పు మా బల్దియా గదిలోకి ఇంకా రాలేదు. అక్కడ కూచున్న ఉద్యోగిని మేం తిట్టడం లేదు. ఆయనకది ఎవరూ నేర్పలేదు. నేర్చుకునే తీరిక కూడా లేదు. రెండు ఊళ్ల ఫైళ్లు ఒక్క మనిషి నెత్తిన పెట్టినవాళ్లను అడుగుతున్నాం.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్‌లో అమల్లోకి వచ్చింది. పురపాలికలకు అప్పగించదగిన 18 పనుల జాబితాలో మొదటిది పట్టణ ప్రణాళిక, రెండోది భూమి వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. ఆ మొదటి రెండు పనులు చేసే మనుషులేరీ? దేశంలో రాష్ట్రాల టౌన్ ప్లానింగ్ శాఖలకు 12 వేలకు పైగా ప్లానర్లు కావాలని, మంజూరైన పోస్టులు 4 వేల లోపేనని, వాటిలోనూ సగం దాకా ఖాళీగా ఉన్నాయని 2021లో నీతి ఆయోగ్ నివేదికే ఒప్పుకుంది. తెలంగాణలో 175 బిల్డింగ్ ఓవర్సీర్ పోస్టులకు 2022లో నోటిఫికేషన్ ఇచ్చారు. 2023 మార్చిలో జరగాల్సిన పరీక్ష పేపర్ లీకు అనుమానంతో ఆగిపోయింది. ఆ నెలల్లో కూడా పిల్లలు పెరుగుతూనే ఉన్నారు. గదులు చాలక జనం కట్టుకుంటూనే ఉన్నారు.

డబ్బు లేదంటారు. పర్మిట్ ఫీజు వస్తుంది. బెటర్‌మెంట్ చార్జీలు వస్తాయి. ప్లాను లేని ఇంటిపన్ను మీద జరిమానా వస్తుంది. 2007 నుంచి విడతలు విడతలుగా క్రమబద్ధీకరణ పథకాలు పెట్టారు. తెలంగాణలో లేఔట్ లేని ప్లాటు అయితే ఖాళీ జాగా కింద స్థలం విలువలో 14 శాతం కట్టమన్నారు. ఇదంతా ఎటు పోతుంది? పోస్టు మంజూరు రాజధాని చేతిలో, ఫీజు వసూలు బల్దియా చేతిలో, కూల్చే నోటీసు బల్దియా చేతిలో. నక్షా ఇచ్చే బాధ్యత ఎవరి చేతిలో? 2019 మున్సిపల్ చట్టంలో చెట్లకు బడ్జెట్‌లో 10 శాతం అని రాశారు. మంచిదే. గల్లీలోకి వచ్చి మా ఇల్లు కొలిచి ప్లాను రాసిపెట్టే మనిషి జీతానికి ఎంత శాతమో కూడా రాయండి.

మనుషులు లేని లోటును కంప్యూటర్‌తో పూడ్చామన్నారు. 2020లో టీఎస్ బీపాస్ చట్టం వచ్చింది. 75 గజాల లోపు ఇంటికి పర్మిషన్ అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. 75 గజాలంటే మా కొలతే. సంతోషించాం. కాని అక్కడా ముందు హక్కు కాగితమే అడిగారు. నలుగురు అన్నదమ్ములు గోడలు పెట్టుకుని పంచుకున్న తాతల ఇంటికి ఏ కాగితం పెట్టాలో కంప్యూటర్‌ను అడగలేం. అదే చట్టం, మీరిచ్చిన వివరాలు తప్పని తేలితే నోటీసు లేకుండా కూలుస్తామంది. చదువు, సర్వేయరు, వకీలు ఉన్నవాడికి స్వీయ ధ్రువీకరణ సౌకర్యం. ఏదీ లేనివాడికి అది తన చేత్తో తాను రాసిచ్చే నేరాంగీకారం.

ఇక్కడే మాకు భయం. 2022 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని ఖర్గోన్‌లో, ఢిల్లీ జహంగీర్‌పురిలో ఊరేగింపుల గొడవలు జరిగాయి. రోజుల్లోనే బుల్డోజర్లు వచ్చాయి. అధికారులు మతం పేరెత్తలేదు. అక్రమ నిర్మాణాలు, ఆక్రమణలు అన్నారు. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు 15 రోజుల నోటీసు లేకుండా ఇల్లు కూల్చరాదని, తప్పు చేసిన అధికారే నష్టం కట్టాలని చెప్పింది. ఆ తీర్పుకు సలాం. కాని 15 రోజుల్లో చూపడానికి మా దగ్గర కాగితం ఏముంది? నక్షా ఇవ్వని గదే రేపు బుల్డోజర్‌కు దారి చూపుతుంది.

మా తప్పులూ చెప్పుకోవాలి. మా కౌన్సిలర్లు షాదీఖానా అడిగారు, ఖబ్రస్తాన్ ప్రహరీ అడిగారు, ఓవర్సీర్‌ను అడగలేదు. మాలో కొందరు నాలా మీద కట్టారు, వక్ఫ్ జాగా మీద షాపులు లేపారు. వాళ్లను వెనకేసుకు రాం. మేమూ ఫైలు వదిలేసి దలాల్ వెంట నడిచాం. సెక్యులర్ మిత్రులు కూల్చాక వచ్చి ధర్నా చేస్తారు, షుక్రియా. కూల్చకముందు, మార్చిలో బడ్జెట్ మీటింగు రోజున కూడా రండి.

మేం అడిగేవి పెద్ద కోరికలు కావు. మంజూరైన పోస్టులు నింపండి. పర్మిట్ ఫీజుల్లో ఇంత భాగమని ఆ సెక్షన్‌కే కేటాయించి లెక్క బయటపెట్టండి. వారానికి ఒకరోజు ఓవర్సీర్‌ను, సర్వేయర్‌ను బస్తీకి పంపి, పేదలకు ఉచితంగా ప్లాను గీయించండి. హిబాను, తాతల నాటి పంపకాన్ని విచారించి ఒప్పుకోండి. ఉర్దూ రెండు రాష్ట్రాల్లోనూ రెండో అధికార భాష. నోటీసు మాకర్థమయ్యే భాషలో ఇవ్వండి. ఇది మా బస్తీకే కాదు, పక్కనున్న మాల, మాదిగ వాడలకూ కావాలి. వాళ్ల ఇళ్లకూ నక్షా లేదు.

ఖాలా ఇంటి ఫైలు మేం మళ్లీ రాశాం. హిబా సాక్షులిద్దరు బతికే ఉన్నారు, వాళ్ల చేత అఫిడవిట్ రాయించాం. వచ్చే మంగళవారం వెళ్తున్నాం. సార్ ఫీల్డ్‌కు వెళ్లారంటే అక్కడే కూచుంటాం.